సంచారిభావంగా హర్షం: తెలుగు కవిత్వంలో సంతోష నిర్వహణ

ప్రవేశిక

భరతుడు నాట్యశాస్త్రం ఏడో అధ్యాయంలో 49 భావాలను లెక్కించాడు. వాటిలో 8 స్థాయిభావాలు, 33 వ్యభిచారిభావాలు, 8 సాత్త్వికభావాలు. శోకం స్థాయిభావాల్లో ఉంది. అది కరుణరసంగా పరిణమిస్తుంది. క్రోధానికి, భయానికి, చివరకు జుగుప్సకు కూడా ఆ స్థానం దక్కింది. సంతోషానికి దక్కలేదు. హర్షమనే పేరుతో అది వ్యభిచారిభావాల వరుసలో, చింత, గ్లాని, నిద్ర వంటి వాటి పక్కన నిలిచింది. వచ్చిపోయే భావాలకే వ్యభిచారులని, సంచారులని పేరు.

మరోవైపు, అన్ని రసాల అనుభవమూ ఆనందస్వరూపమేనని ఉత్తరకాలపు ఆలంకారికులు అనేకులు సిద్ధాంతీకరించారు. అంటే కావ్యవస్తువుగా సంతోషం క్షణికం. కావ్యఫలంగా అది సర్వవ్యాప్తం. ఈ రెండు స్థితుల మధ్య తేడాను శాస్త్రం స్పష్టంగానే గుర్తించింది. తెలుగు అనువర్తిత విమర్శలో మాత్రం ఆ తేడా తరచుగా మసకబారింది. విషాద సన్నివేశం ఎదురైతే విమర్శకులు దాని కారణాలను, క్రమాన్ని, భాషను విడదీసి చూపుతారు. సంతోష సన్నివేశం ఎదురైతే ‘కవి ఆనందపరవశుడయ్యాడు’, ‘పాఠకుడు ఆనందంలో ఓలలాడతాడు’ అన్న వాక్యాలతో పరిశీలన ఆగిపోతుంది. మొదటి వాక్యం కవిని, రెండోది పాఠకుణ్ణి వర్ణిస్తాయి. పద్యంలో జరిగినదేమిటో రెండూ చెప్పవు.

కావ్యంలోని హర్షాన్ని పాఠకుడి రసానందం నుంచి విడదీసి, ఒక భావంగా దాని నిర్వహణను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. సంతోషానికి స్థాయిత్వం లేకపోవడం కవులకు లోటు కాలేదనీ, దాని సంచారస్వభావాన్ని మన్నించిన చోటనే తెలుగు కవిత్వంలో సంతోషం బలంగా నిలిచిందనీ ఇక్కడి ప్రతిపాదన. పోతన భాగవతం నుంచి రెండు ఘట్టాలు, ఆధునిక కవిత్వం నుంచి రెండు రచనలు ఇందుకు లక్ష్యాలు.

శాస్త్రంలో హర్షం, ఆనందం

హర్షానికి భరతుడు చెప్పిన విభావాలు చాలా లౌకికమైనవి. కోరిక నెరవేరడం, ఇష్టమైన వారిని కలుసుకోవడం, మనసుకు తృప్తి కలగడం, దేవుడో గురువో రాజో భర్తో అనుగ్రహించడం, తిండి, బట్ట, ధనం లభించడం ఆ పట్టికలో ఉన్నాయి. కళ్ళూ ముఖమూ వికసించడం, ప్రియంగా మాట్లాడటం, ఆలింగనం, పులకలు, కన్నీరు, చెమట అనుభావాలు. దశరూపకంలో ధనంజయుడు ఉత్సవాదుల వల్ల కలిగే ప్రసన్నతగా హర్షాన్ని నిర్వచించి, అశ్రువు, స్వేదం, గద్గదిక దాని చిహ్నాలన్నాడు. కన్నీరు, చెమట, మాట తడబడటం శోకంలోనూ భయంలోనూ కూడా కనిపించేవే. కాబట్టి శరీరచిహ్నాలను బట్టి మాత్రమే హర్షాన్ని గుర్తించడం సాధ్యం కాదు. సందర్భం తోడు కావాలి. హర్షాన్ని చదివే విమర్శకుడికి శాస్త్రం ఇచ్చే మొదటి సూచన ఇది.

రెండో సూచన ఆరో అధ్యాయంలో ఉంది. రసాన్ని వివరిస్తూ భరతుడు వంట ఉపమానం తెచ్చాడు. నానావ్యంజనాలతో సిద్ధమైన అన్నం తినేవారు రుచులను ఆస్వాదించి హర్షాదులను పొందుతారని, ప్రేక్షకులూ అలాగేనని అక్కడి భావం. ఏడో అధ్యాయంలో పాత్రగత భావంగా లెక్కించిన హర్షమే ఇక్కడ ప్రేక్షకుడు పొందే ఫలంగా కనిపిస్తుంది. ఒకే మాట రెండు చోట్ల రెండు పనులు చేస్తోంది. తరువాతి గందరగోళానికి బీజం ఇక్కడే ఉందనుకోవచ్చు.

అభినవగుప్తుడు ఈ విషయంలో జాగ్రత్తపడ్డాడు. రసప్రతీతికి కలిగే విఘ్నాల్లో ఒకటిగా ప్రేక్షకుడు తన సొంత సుఖాదులకు లోబడిపోవడాన్ని చేర్చాడు. ఇంట్లో శుభకార్యం పెట్టుకుని నాటకానికి వచ్చినవాడి మనసు నాటకం మీద నిలవదు. అంటే వ్యక్తిగత సంతోషం రసానందానికి తోడ్పడకపోగా అడ్డు కూడా కావచ్చు. ఇంత కచ్చితమైన విభజన చేసిన సంప్రదాయాన్ని ఆధారం చేసుకుని, పాత్ర సంతోషాన్నీ పాఠకుడి ఆనందాన్నీ ఒకటిగా చూడటం సమర్థనీయం కాదు.

కరుణరసం కూడా సుఖాత్మకమేనని, అందుకు సహృదయుల అనుభవమే ప్రమాణమని సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడు వాదించాడు. నాట్యదర్పణకర్తలు రామచంద్ర గుణచంద్రులు దీనికి భిన్నంగా, రసాల్లో కొన్ని సుఖాత్మకాలు, కొన్ని దుఃఖాత్మకాలు అన్నారు. ఈ వివాదం దుఃఖం చుట్టూనే నడిచింది. దుఃఖం సుఖమెలా అవుతుందన్నది ఆలంకారికులను వేధించిన ప్రశ్న. సంతోష సన్నివేశం కావ్యంగా ఎలా నిలుస్తుందన్న ప్రశ్నకు అంత విస్తృతమైన చర్చ దక్కలేదు.

తెలుగులోకి భావచర్చ వచ్చిన దారి కూడా గమనించదగినది. విద్యానాథుడి ప్రతాపరుద్రీయం కాకతీయ ప్రతాపరుద్రుణ్ణి లక్ష్యంగా చేసుకున్న లక్షణగ్రంథం. దాని అడుగుజాడల్లో నడిచిన నరసభూపాలీయంలోనూ లక్ష్యపద్యాలు కృతిపతి ప్రశస్తికి కట్టుబడి ఉంటాయి. లక్షణం చెప్పి ఒక విడిపద్యం చూపడం ఈ పద్ధతి. స్థాయిభావానికి ఈ పద్ధతి కొంతవరకు సరిపోతుంది. ముందువెనకల మధ్య కదలడమే స్వభావమైన సంచారిభావం మాత్రం విడిపద్యంలో సగమే కనిపిస్తుంది. హర్షాన్ని పట్టుకోవాలంటే కథాసందర్భంలోకి వెళ్ళక తప్పదు.

తెలుగు క్రియల సాక్ష్యం

సంస్కృత పరిభాషను కాసేపు పక్కన పెట్టి తెలుగు వాడుకను చూస్తే, సంతోషానికి సంబంధించిన ముఖ్యమైన క్రియలు ఒక లక్షణాన్ని పంచుకుంటాయి. పొంగిపోవడం, ఉబ్బిపోవడం, మురిసిపోవడం, మైమరచిపోవడం అన్నింటా ‘పోవు’ అనుప్రయుక్తంగా చేరింది. సంతోషించేవాడు తన హద్దులో తాను ఉండడని ఈ క్రియలు చెబుతాయి. కుంగిపోవడం, కరిగిపోవడం వంటి దుఃఖక్రియల్లోనూ ఇదే అనుప్రయుక్తం ఉంది. తీవ్రమైన భావం ఏదైనా మనిషిని తననుంచి కదిలిస్తుందన్న అవగాహన ఈ వాడుకలో ఇమిడి ఉంది.

‘పొంగు’ అన్న ధాతువు మరింత విలువైనది. పాలు పొంగుతాయి, ఏరు పొంగుతుంది. గృహప్రవేశంలో పాలు పొంగించడం శుభం. ఆ శుభం పాలు గిన్నె అంచు దాటిన క్షణానిదే. మంట తగ్గితే పొంగు చల్లారుతుంది. చల్లారడం ఎవరికీ అశుభంగా తోచదు. ‘ఉబ్బు’కు మరో ఛాయ ఉంది. పొగడ్తకు ఉబ్బేవాణ్ణి లోకం ఉబ్బులింగడంటుంది. సంతోషం పట్ల తెలుగు సమాజానికి ఉన్న మెచ్చుకోలూ అనుమానమూ రెండూ ఈ క్రియల్లోనే ఉన్నాయి. సంచారి అన్న శాస్త్రసంజ్ఞ చెప్పేదాన్నే ఇవి అనుభవపు మాటల్లో చెబుతున్నాయి.

కుచేలోపాఖ్యానం: పేరు పెట్టని హర్షం

భాగవతం దశమస్కంధం ఉత్తరభాగంలో కృష్ణుడు కుచేలుణ్ణి చూసే ఘట్టం ఇష్టజనసమాగమానికి చక్కని ఉదాహరణ. సంస్కృతమూలంలో దూరం నుంచి చూడటం, పాన్పు మీద నుంచి లేవడం, ఎదురుగా వెళ్ళడం, కౌగిలించుకోవడం ఒక్క శ్లోకంలో జరిగిపోతాయి. సంతోషవాచకమైన పదం కూడా ఆ శ్లోకం చివరనే ఉంది.

పోతన ఈ శ్లోకాన్ని రెండు పద్యాలుగా విస్తరించాడు. మొదటిది మత్తేభం. అందులో కర్త కృష్ణుడు మొదటి పాదంలోనే వస్తాడు. తరువాత ఆయన చూపు పడిన వస్తువు పద్యమంతా పరుచుకుంటుంది: ఎడతెగని దారిద్ర్యం, కృశించిన శరీరం, జీర్ణవస్త్రం, ఆశతో అలమటించే చిత్తం, చూసేవారికి నవ్వు పుట్టించే వాలకం, చిరిగిన ఉత్తరీయం. ఈ విశేషణాలన్నీ ద్వితీయావిభక్తిలో ఒకదాని వెనక ఒకటి వచ్చి పాఠకుణ్ణి ఆపుతాయి. క్రియ చివరిపాదంలో గాని రాదు. కృష్ణుడు పాన్పు దిగడంతో పద్యం పూర్తవుతుంది. ఆలింగనం తరువాతి కందపద్యానికి వెళ్ళింది.

ఈ మార్పుల్లో మూడు అంశాలు పరిశీలించదగినవి. మొదటిది, మత్తేభంలో సంతోషవాచకం లేదు. దాని స్థానంలో సంభ్రమం ఉంది. సంభ్రమం తొందరను, తొట్రుపాటును సూచిస్తుంది. భయంలోనూ రావచ్చు, భక్తిలోనూ రావచ్చు. అది హర్షసంభ్రమమని తెలిపేది సందర్భమే. రెండోది, కుచేలుడి పేదరికం కృష్ణుడి చూపులో నమోదైంది. ప్రేమ మైకంలో ఆయన దారిద్ర్యాన్ని గమనించలేదన్న తేలికైన వివరణకు ఇక్కడ అవకాశం లేదు. మిత్రుడి ఆశాపీడిత చిత్తం కూడా కనిపించాకే పాన్పు దిగాడు. మూడోది, రెండు పద్యాలూ పాన్పు అన్న అర్థమిచ్చే ఒకే మాటతో ముగుస్తాయి. మొదటి పద్యం చివర కృష్ణుడు దాని మీద నుంచి దిగుతాడు. రెండో పద్యం చివర మిత్రుణ్ణి దాని మీద కూర్చోబెడతాడు. హర్షం ఒక వస్తువు చుట్టూ జరిగిన స్థానమార్పిడిగా దృశ్యమానమైంది. అది ఎంతటి హర్షమో పాఠకుడు దిగడానికీ కూర్చోబెట్టడానికీ మధ్యనున్న దూరంతో కొలుచుకుంటాడు.

ఉపాఖ్యానం ఉత్తరార్ధంలో హర్షానికి మరో నిర్వహణ ఉంది. కుచేలుడు ఏమీ అడగలేదు. చేతికి ఏమీ అందలేదు. తిరుగుప్రయాణంలో అతడు తనకు దక్కిన ఆదరాన్ని తలచుకుంటాడు. ధనమిస్తే మదమెక్కి తనను మరచిపోతాడన్న దయతోనే కృష్ణుడు ఇవ్వలేదేమోనని సమాధానపడతాడు. భరతుడి పట్టికలో ఇష్టజనసమాగమం, ధనలాభం రెండూ హర్షవిభావాలే. దారిలో ఉన్న కుచేలుడి విషయంలో మొదటిది నెరవేరింది, రెండోది నెరవేరలేదు. ఆ రెండింటినీ కథనం సమయభేదంతో విడదీసింది. ఇంటి దగ్గర సంపద కనిపించే సమయానికి అతడి సంతోషం సంపద మీద ఆధారపడే దశను దాటింది. రెండు విభావాలనూ ఒకేచోట కలిపి ఉంటే కథ వరప్రాప్తికథగా మిగిలేది. మధ్యలోని ఆ ఖాళీ చేతుల నడకే ఉపాఖ్యానానికి నైతికమైన బరువు ఇచ్చింది.

ప్రహ్లాదుడు: స్థలంలో పరుచుకున్న హర్షం

సప్తమస్కంధంలో ప్రహ్లాదుడి భక్తిస్థితిని వర్ణించే సీసపద్యం హర్షానికి భిన్నమైన నిర్మాణం ఇస్తుంది. ఇక్కడ కలయిక లేదు, లాభం లేదు, ఉత్సవం లేదు. బాలుడు ఒంటరిగా ఉన్నాడు. నాలుగు దీర్ఘపాదాల్లో అతడు ఏడుస్తాడు, పాడతాడు, గట్టిగా నవ్వుతాడు, గంతులు వేస్తాడు. ఎత్తుగీతిలోని ఆటవెలదిలో దైవంతో పలుకుతాడు. చివరకు కన్నీరు, పులకలు, మూసుకున్న కళ్ళతో మౌనంగా నిలబడతాడు.

మూలంలో ఈ క్రియలను విడదీసే అవ్యయం ‘ఒకప్పుడు’ అన్న అర్థానికీ ‘ఒకచోట’ అన్న అర్థానికీ సరిపోతుంది. పోతన స్థలార్థాన్ని ఎంచుకుని, ప్రతి దీర్ఘపాదం చివరా ఆ మాటనే నిలిపాడు. దీనివల్ల భావాల మార్పు కాలక్రమంగా కాక నేల మీద తిరుగాడే పిల్లవాడి కదలికగా కనిపిస్తుంది. సంచారిభావం అక్షరాలా సంచరిస్తోంది. చివరిపాదంలో అదే మాట తన చోటు మార్చుకుని పాదారంభానికి వస్తుంది. దాని వెంటనే నిలబడటం, ఊరుకోవడం వస్తాయి. అయిదుసార్లు క్రియ తరువాత వచ్చిన మాట ఆరోసారి క్రియకు ముందు వచ్చేసరికి కదలిక ఆగిందని పద్యపు నడకే చెబుతుంది.

నాలుగో దీర్ఘపాదంలో బాలుడు గంతులు వేయడానికి కారణం నిధి దొరికిందన్న భావన. ధనలాభమన్న లౌకిక విభావం రూపకంగా మారి ఇక్కడికి వచ్చింది. హిరణ్యకశిపుడి వంటి సంపన్నుడి కొడుకు వేరే నిధి గురించి గంతులు వేయడంలో ఉన్న వైరుధ్యం కథాసందర్భం తెలిసినవారికి వెంటనే స్ఫురిస్తుంది.

మరో పదం ఈ వ్యాసప్రతిపాదనకు కీలకం. మూలశ్లోకంలో కన్నీటికి కారణం ప్రణయానందం. పోతన దాన్ని ప్రణయహర్షమన్నాడు. ఇందులో ఛందస్సు పాత్రను కాదనలేం. ఆ మాట ఉన్న ఆటవెలది రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే. వరుసగా రెండు గురువులు రావడానికి అక్కడ వీలులేదు గనుక ‘ఆనంద’ శబ్దం ఇమడదు. అయితే ఇంద్రగణాలున్న పాదంలోకి ఆ భావాన్ని తరలించడం పోతనకు కష్టం కాదు. ఈ ఒక్క పదం ఆధారంగా కవి ఉద్దేశాన్ని నిర్ణయించడం తొందరపాటే. కానీ ఫలితాన్ని గమనించవచ్చు. ఆనందమన్న మాట వేదాంతంలో బ్రహ్మస్వరూపాన్ని సూచించేది. హర్షం శరీరంలో కనిపించేది, పులకలూ కన్నీరూ తెచ్చేది. తెలుగుపద్యం బాలుణ్ణి తత్త్వంగా మార్చకుండా బాలుడిగానే నిలబెట్టింది.

భక్తి స్థాయిగా, హర్షం దానికి పోషకమైన సంచారిగా ఈ పద్యాన్ని వివరించవచ్చుననే అభ్యంతరం రావచ్చు. కుచేలుడి ఘట్టంలో సఖ్యాన్ని స్థాయిగా చెప్పినట్లే ఇదీ. ఆ వర్గీకరణ తప్పు కాదు. కానీ భక్తి అని పేరు పెట్టాక కూడా, ఏడుపుతో మొదలై మౌనంతో ముగిసే ఈ క్రమం ఎందుకన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. పోషకమన్న సంజ్ఞ హర్షం పాత్రను చెబుతుంది, పనితీరును చెప్పదు. విమర్శ పరిశీలించవలసింది ఆ పనితీరునే.

ఆధునిక కవిత్వం: ప్రశ్నగా, సంబోధనగా

1925లో వెలువడిన కృష్ణపక్షంతో దేవులపల్లి కృష్ణశాస్త్రికి విషాదకవి అన్న ముద్ర స్థిరపడింది. అదే సంపుటిలో అడవిలో ఆకుగా, పువ్వుగా, కొమ్మగా కలిసిపోవాలని కోరే గీతం ఉంది. ఈ గీతంలోని ఉల్లాసాన్ని సాధారణంగా ప్రకృతిప్రేమగానో స్వేచ్ఛాకాంక్షగానో పేర్కొని వదిలేస్తారు. దాని క్రియారూపం మీద దృష్టి పెడితే మరో విషయం కనిపిస్తుంది. పల్లవిలోని ప్రధానక్రియలు రెండూ ఉత్తమపురుష ప్రశ్నార్థకాలు. ఇక్కడే దాగడం, ఇక్కడే ఆగడం గురించి వక్త తననో అడవినో అడుగుతున్నాడు. రెండు క్రియలకూ ‘పోవు’ అనుప్రయుక్తంగా చేరింది. పొంగిపోవడంలో, మురిసిపోవడంలో మనిషిని కదిలించే అనుప్రయుక్తమే ఇక్కడ ఆగడానికీ చేరి, నిలిచిపోవాలన్న కోరికను పలుకుతోంది. కోరిక నెరవేరిందని గీతం ఎక్కడా చెప్పదు. ఆకలి, దాహం, చింత అన్నవి లేవా అని అడుగుతూ ఒంటరిగా వెర్రివాడిలా తిరుగాడటం చివరిభాగంలో ఉంది.

ప్రహ్లాదుడి ఒంటరి సంచారానికీ ఈ సంచారానికీ పోలిక ఉంది. తేడా మరింత ముఖ్యం. ప్రహ్లాదుడు చివరకు నిలబడతాడు; నిలబడటానికి అతడికి ఆలంబనం ఉంది. భావకవికి అలాంటి ఆలంబనం లేదు కాబట్టి ఆగడం ప్రశ్నగానే మిగిలింది. హర్షం సంచారి అన్న శాస్త్రవాక్యం ఆధునికుడి నోట అనుభవమై, ఇది నిలుస్తుందా అన్న అడుగు అయింది. ఈ గీతాన్ని విషాదకవి రచనల్లో మినహాయింపుగా చూడటం కంటే, ఆ విషాదం ఏ సంతోషాన్ని తెలిసి కోల్పోయిందో చెప్పే సాక్ష్యంగా చదవడం సమంజసం.

శ్రీశ్రీ మహాప్రస్థానం 1950లో పుస్తకంగా వచ్చింది. అందులోని శైశవగీతి సంతోషాన్ని మరోవిధంగా నిర్వహించింది. ఇక్కడ సంతోషం వక్తది కాదు, పిల్లలది. గీతం మొత్తం బహువచన సంబోధనల మీద నడుస్తుంది. పిల్లల సంతోషానికి విభావంగా లాభమేదీ లేదు. పాపపుణ్యాలు, లోకపు దారులు, కష్టసుఖాలు ఎరుగకపోవడమే వారి లక్షణం. ఇలా ఎరుగనివాటి జాబితా ఇవ్వగలిగినవాడు వాటన్నింటినీ ఎరిగినవాడే. సంబోధన వల్ల వక్త పిల్లలకు దగ్గరవుతాడు, జాబితా వల్ల దూరమవుతాడు. అంతేకాక, గీతం వారి నవ్వులో రాబోయే రోజుల వెలుగును చూస్తుంది. క్షణికమైన సంచారిభావానికి భవిష్యత్తును మోసే బాధ్యత అప్పగించడం ఇది.

ఆ బాధ్యత వల్ల గీతానికి ఉత్సాహం సమకూరింది. కొంత నష్టమూ జరిగింది. రేపటి ప్రతినిధులైన పిల్లలు ఇవాళ్టి ఆటలో ఏ ఒక్కరుగానూ కనిపించరు. ప్రహ్లాదుడికి సీసపద్యం ఇచ్చిన నేల, తిరుగాడే చోట్లు శైశవగీతిలోని పిల్లలకు అంతగా దక్కలేదు. ఉత్సాహం వీరరసానికి స్థాయి. హర్షాన్ని ఉత్సాహం వైపు నడిపించినప్పుడు అది ఎక్కువకాలం నిలుస్తుంది గాని, హర్షంగా దాని ప్రత్యేకత తగ్గుతుంది. తరువాతి అభ్యుదయ కవిత్వంలో పలుచోట్ల వినిపించే ఆశావాదస్వరాన్ని ఈ కోణంలో పరిశీలించే అవకాశం ఉంది.

పరిశీలన ఫలితాలు

నాలుగు లక్ష్యాల్లోనూ సంతోషం తనకు తానుగా వర్ణితం కాలేదు. కుచేలుడి ఘట్టంలో పేదరికపు విశేషణాల మధ్య నుంచి, ప్రహ్లాదుడి పద్యంలో ఏడుపుతో మొదలైన వరుసలో నుంచి, కృష్ణశాస్త్రి గీతంలో ప్రశ్నలో నుంచి, శ్రీశ్రీ గీతంలో ఎరుకగల వక్త దూరం నుంచి అది తెలుస్తోంది. అనుభావాలు సందర్భసాపేక్షాలన్న శాస్త్రసూచనకు ఇది అనుగుణంగా ఉంది. చుట్టూ ఉన్నదాన్ని తొలగించి సంతోషాన్ని మాత్రమే చెప్పబోయిన రచన ‘ఆనందం’ అన్న మాటను పదేపదే వల్లించడానికి పరిమితం కావడం ఇందువల్లనే.

దీని నుంచి విమర్శకు మూడు సూచనలు తీసుకోవచ్చు. పరిభాషలో హర్షాన్ని పాత్రగత భావానికీ, ఆనందాన్ని ఆస్వాదఫలానికీ వాడటం వల్ల చర్చ స్పష్టమవుతుంది. తైత్తిరీయోపనిషత్తు కూడా ఆనందాన్ని లెక్కించేటప్పుడు యువకుడు, విద్యావంతుడు, దృఢకాయుడు, సంపన్నుడు అయిన ఒక మనిషి సుఖాన్ని మొదటి కొలతగా తీసుకుని, మెట్టుమెట్టుకూ నూరురెట్లు పెంచుతూ పైకి వెళ్ళింది, మెట్లను కలిపివేయలేదు. రెండోది, హర్షాన్ని విడిపద్యంలో కాక దానికి ముందువెనకలున్న భావాలతో కలిపి చదవాలి. మూడోది, క్రియారూపం, విభక్తి, పదక్రమం వంటి భాషాంశాలను సంతోష సన్నివేశాల్లోనూ విషాద సన్నివేశాల్లోలాగే పరిశీలించాలి.

పాఠ్యాంశాల ఎంపికలోనూ ఈ ప్రశ్నకు ప్రాధాన్యం ఉంది. దుఃఖం లోతైనది, సంతోషం పైపైది అన్న అంచనా పరీక్షకు నిలవకుండానే తరగతి గదిలో ప్రమాణంగా చలామణి అవుతోంది. దుఃఖించే పాత్రను అర్థం చేసుకోవడానికి విద్యార్థికి శాస్త్రం, పరిభాష, ఉదాహరణలు అందుతాయి. సంతోషించే పాత్ర దగ్గర అతడికి మెచ్చుకోలు వాక్యాలే అందుతాయి. కృష్ణుడు పాన్పు దిగిన పద్యాన్ని తెలుగువారు తరతరాలుగా కంఠస్థం చేస్తున్నారు. క్రియ చివరిదాకా ఎందుకు రాలేదని కూడా ఆ పద్యం దగ్గర అడగడం మొదలుపెడితే, పొంగును పొంగుగా చదివే పద్ధతి ఒకటి తెలుగు విమర్శకు సమకూరుతుంది.